రెండు ఊళ్ళలో ఒకే పటం

మీ తరగతి గోడకు వేలాడే పటాన్ని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? అది అచ్చయిన రోజున ఎలా ఉందో ఈనాటికీ అలాగే ఉంటుంది. ఆ తరువాత కొత్త రోడ్డు పడినా దానికి తెలియదు, చెరువు పూడిపోయినా తెలియదు. కంప్యూటర్‌లో ఉండే పటం అలాంటిది కాదు. అది నిమిష నిమిషానికీ మారుతూ ఉంటుంది. ఈ క్షణంలో ఎక్కడో ఒక ఊళ్ళో ఎవరో ఒకరు కొత్త వంతెనను దానిలో చేరుస్తూ ఉంటారు.

అలాంటి పటాల్లో ఒకటి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దీన్ని 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ప్రారంభించాడు. ప్రపంచంలో ఎవరైనా తమ ఊరి వీధులనూ, బావులనూ, బడులనూ దీనిలో గుర్తించవచ్చు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇందులో నిజానికి బొమ్మలుండవు, అంకెలుంటాయి. ప్రతి స్థలానికీ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. ఆ బిందువులను వరుసగా కలిపితే రోడ్డు. చుట్టూ తిప్పి మొదటి బిందువుకే చేరిస్తే చెరువు గట్టు.

చార్మినార్ అక్షాంశం 17.3616 డిగ్రీలు. ఈ పటంలో డిగ్రీని కోటి భాగాలు చేసి లెక్కిస్తారు. అంటే చార్మినార్ అక్షాంశం 17,36,16,000 భాగాలు. ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద సుమారు 111 కిలోమీటర్లు కనుక, ఒక్కో భాగం సెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ. ఇంత సూక్ష్మంగా, ప్రపంచమంతటి అంకెలూ ఒక కంప్యూటర్‌లో ఉన్నాయనుకోండి. ఆ కంప్యూటర్ కాలిపోతే?

ఒక అగ్నిప్రమాదం

ఇది ఉత్త ఊహ కాదు. ఫ్రాన్సు దేశంలో స్ట్రాస్‌బూర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే సంస్థకు పక్కపక్కనే నాలుగు సర్వర్ కేంద్రాలుండేవి. (అడిగిన వారికల్లా సమాచారం అందించే పెద్ద కంప్యూటర్‌ను సర్వర్ అంటారు.) 2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక మంటలు లేచి, వాటిలో ఒక కేంద్రం పూర్తిగా బూడిదైంది. మరొక దానిలో కొంత భాగం కాలింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. కాని అక్కడ సమాచారం దాచుకున్నవారిలో కొందరికి విచిత్రమైన కష్టం వచ్చింది. వారు జాగ్రత్తపరులే. రెండో ప్రతి తీసి ఉంచుకున్నారు. అయితే ఆ ప్రతి కూడా అదే ఆవరణలో ఉంది.

దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో 2025 సెప్టెంబరు 26న ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే 858 టెరాబైట్ల నిలవ పోయింది. దానికి బయట ప్రతి లేదు.

అందుచేత రెండో ప్రతి మరో ఊళ్ళో ఉండాలి. అదే తుఫాను, అదే వరద, అదే భూకంపం రెంటినీ తాకనంత దూరంలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినపుడు కరెంటు స్తంభాలూ, టెలిఫోను టవర్లూ ఒకేసారి నేలకూలాయి. ఆ ఊళ్ళో పది ప్రతులున్నా అప్పటికి పది ప్రతులూ మూగపోయినట్టే. మన దేశంలో నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ తన జాతీయ డేటా కేంద్రాలను ఢిల్లీ, పుణె, హైదరాబాదు, భువనేశ్వర్‌లలో నెలకొల్పింది. పటంలో ఈ నాలుగు ఊళ్ళూ ఎంతెంత దూరంలో ఉన్నాయో మీరే చూడండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి సర్వర్లు ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ, డబ్లిన్‌లోనూ ఉన్నాయి. నడుమ సముద్రం ఉంది. దూరం సుమారు 750 కిలోమీటర్లు.

చిట్టా, ఆవర్జా

మారుతూ ఉండే పటానికి అంత దూరాన ప్రతి ఎలా ఉంచడం? ప్రతి నిమిషమూ ప్రపంచ పటమంతా మళ్ళీ పంపడం కుదరని పని. ఈ చిక్కు విప్పే ఉపాయం మన కిరాణా కొట్లలో ఏనాటి నుంచో ఉంది. షావుకారు బేరం జరిగిన వెంటనే చిట్టాలో వరుసగా రాసుకుంటాడు. తీరిక దొరికినపుడు ఆ పద్దులను ఎవరి ఖాతాలోకి వారికి ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ఆవర్జా పోయినా చిట్టా ఉంటే మళ్ళీ రాయవచ్చు.

డేటాబేసు, అంటే సమాచారాన్ని పద్ధతిగా అమర్చిన నిలవ, ఇదే పని చేస్తుంది. ప్రతి మార్పునూ ముందు చిట్టాలో రాస్తుంది. ఆ తరువాతే అసలు పట్టికలు మారుస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుకు 2010 నుంచి, చిట్టాలో పద్దు పడీపడగానే దాన్ని దూరాన ఉన్న మరో సర్వర్‌కు పంపే ఏర్పాటు ఉంది. అక్కడి సర్వర్ ఆ పద్దులను అదే వరుసలో తన పట్టికల్లోకి ఎక్కించుకుంటుంది. దీన్నే రెప్లికేషన్ అంటారు. తెలుగులో ప్రతిలేఖనం అనుకుందాం. తాటాకుల కాలం నుంచి ఉన్న మాటే.

వరుస తప్పకూడదని గమనించండి. “వంతెన చేర్చు”, “వంతెన పేరు మార్చు” అనే రెండు పద్దులు తారుమారైతే, లేని వంతెనకు పేరు పెట్టవలసి వస్తుంది. అందుకే ప్రతి పద్దుకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. 41 తరువాత 43 వస్తే, 42 ఏదని అడగాలి.

ఇక్కడ ప్రకృతి పెట్టిన ఒక అడ్డు ఉంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. 750 కిలోమీటర్లు వెళ్ళి, “అందింది” అనే జవాబు తిరిగి రావడానికి, తీగ సూటిగా ఉందనుకున్నా, 1500 కిలోమీటర్ల ప్రయాణం. అంటే సెకనులో వెయ్యో వంతులు ఏడున్నర. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కాని ఒక పద్దుకు జవాబు వచ్చాకే తరువాతి పద్దు రాయాలని నియమం పెడితే, సెకనుకు 133 పద్దులకు మించి రాయలేము! జవాబు కోసం ఆగితే ఆలస్యం. ఆగకపోతే, ఆ క్షణంలో మొదటి సర్వర్ కాలిపోయినపుడు చివరి కొన్ని పద్దులు దక్కవు. డబ్బు లెక్కలయితే ఆగడమే మంచిది. పటానికయితే ఆగకపోయినా కొంప మునగదని నా అభిప్రాయం.

తీగకు చెవి ఆనించేవాళ్ళు

ఇంతవరకు ప్రమాదాలన్నీ దైవికాలు. ఇప్పుడు మనుషులు చేసేవాటికి వద్దాం.

రెండు ఊళ్ళ మధ్య తీగ మన ఇంట్లో ఉండదు. రోడ్ల కింద, సముద్రాల అడుగున, పరాయి వాళ్ళ భవనాల గుండా పోతుంది. 2013 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఒక సంచలన వార్త ప్రచురించింది. గూగుల్, యాహూ సంస్థల సర్వర్ కేంద్రాల మధ్య తీగల మీద పోయే సమాచారాన్ని అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ, బ్రిటిషు సంస్థ జీసీహెచ్‌క్యూ కలిసి తీసుకుంటున్నాయన్నది ఆ వార్త. మన కంప్యూటర్ నుంచి గూగుల్ వాకిలి దాకా సమాచారం సంకేత లిపిలోనే పోయేది. లోపల ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి పోయేటపుడు మాత్రం చాలా వరకు మామూలు లిపిలో పోయేది. “అది మన సొంత తీగే కదా” అనే ధీమా! ఆ తరువాత ఆ సంస్థలు తమ కేంద్రాల నడుమ కూడా సంకేత లిపినే వాడసాగాయి.

పటం అందరిదీ అయినపుడు దానిలో రహస్యమేముందని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. చార్మినార్ ఎక్కడుందో ఎవరికి తెలిస్తే ఏమిటి? కాని అదే డేటాబేసులో పటం గీసిన వారి ఈమెయిల్ చిరునామాలు ఉంటాయి. ప్రజలకు పంచే ప్రతిలో వాటిని తీసివేస్తారు. సర్వర్ నుంచి సర్వర్‌కు పోయే ప్రతిలో అవీ ఉంటాయి.

సమాచారం చూడడమే కాదు, దారిలో దాన్ని మార్చవచ్చు కూడా. కంప్యూటర్ అంకెలను సున్నా, ఒకటిగా రాసుకుంటుందని మీకు తెలుసు. చార్మినార్ అక్షాంశం చూపే సంఖ్యలో 83,88,608 విలువ గల స్థానంలో సున్నా ఉంది. ఆ ఒక్క సున్నా ఒకటిగా మారితే చార్మినార్ దాదాపు 93 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి కామారెడ్డి దరిదాపుల్లో ఏ పొలంలోనో తేలుతుంది! అంబులెన్సు డ్రైవరు ఆసుపత్రికి దారి వెదుక్కునేదీ ఇలాంటి అంకెల్లోనే.

అందరి ముందూ రహస్యం

సంకేత లిపికి తాళంచెవి కావాలి. రెండు సర్వర్ల దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. దాన్ని తీగ మీద పంపితే తీగకు చెవి ఆనించినవాడికి అదే ముందు దొరుకుతుంది. మరి ఎలా?

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మాన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు దీనికి ఒక అద్భుతమైన మార్గం ప్రకటించారు. మీరు ఎనిమిదో తరగతిలో నేర్చిన ఘాతాలు, చిన్నప్పుడే నేర్చిన శేషాలు, ఈ రెండూ చాలు. కాగితం తీసుకోండి.

19 అనే ప్రధాన సంఖ్యనూ, 2 అనే సంఖ్యనూ అందరికీ వినబడేట్టు ప్రకటిద్దాం. ఆమ్‌స్టర్‌డామ్ సర్వర్ తన మనసులో 5 అనుకుంది. 2ను 5వ ఘాతానికి పెంచితే 32. దాన్ని 19తో భాగిస్తే శేషం 13. ఈ 13ను తీగ మీద పంపింది. డబ్లిన్ సర్వర్ తన మనసులో 7 అనుకుంది. 2 యొక్క 7వ ఘాతం 128. శేషం 14. దాన్ని పంపింది.

ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ తనకు అందిన 14ను తన రహస్యమైన 5వ ఘాతానికి పెంచుతుంది. 5,37,824 వస్తుంది. 19తో భాగిస్తే శేషం 10. డబ్లిన్ తనకు అందిన 13ను 7వ ఘాతానికి పెంచుతుంది. 6,27,48,517 వస్తుంది. 19తో భాగించండి. శేషం 10!

ఇద్దరి దగ్గరా 10 ఉంది. తీగ మీద మాత్రం 10 ఎక్కడా పోలేదు. ఇద్దరూ చేసింది 2ను 35వ ఘాతానికి పెంచడమే. ఒకరు ముందు 5, తరువాత 7. రెండోవారు ముందు 7, తరువాత 5.

వింటున్న దొంగకు 19, 2, 13, 14 తెలుసు. 13 నుంచి వెనక్కు 5కు పోగలడా? ఇంత చిన్న సంఖ్యలయితే పోగలడు. దొంగ మీరే అనుకుని ప్రయత్నించండి: 19, 2 అవే. ఈసారి తీగ మీద 6, 11 పోయాయి. తాళంచెవి ఎంత? 2 యొక్క ఘాతాలనూ వాటి శేషాలనూ 18వ ఘాతం దాకా పట్టికగా రాసుకుంటే పది నిమిషాల పని. (జవాబు 7 రావాలి.) నిజమైన సర్వర్లు ఈ పద్ధతికి 600 అంకెలకు పైబడిన ప్రధాన సంఖ్యలను వాడతాయి. అప్పుడు ఆ పట్టిక రాయడానికి లోకంలోని కంప్యూటర్లన్నీ చాలవు. ఈ రోజుల్లో ఎలిప్టిక్ కర్వ్‌లు అనే మరో గణితంతో, ఇంకా చిన్న సంఖ్యలతోనే ఈ పని జరుపుతున్నారు. కిటుకు మాత్రం ఇదే.

తాళంచెవి కుదిరాక, దానితో అసలు పద్దులను సంకేత లిపిలోకి మార్చే పనిని ఎక్కువగా ఏఈఎస్ అనే పద్ధతికి అప్పగిస్తారు. బెల్జియం వారైన యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ తయారు చేసిన ఈ పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా స్వీకరించింది.

ఎవరితో మాట్లాడుతున్నాం?

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. దొంగ చెవి మాత్రమే ఆనించేవాడు కాక, తీగను మధ్యలో తెంపి కూర్చునేవాడైతే?

అతడు తన మనసులో 8 అనుకుంటాడు. 2 యొక్క 8వ ఘాతం 256. శేషం 9. ఆమ్‌స్టర్‌డామ్‌కు “నేనే డబ్లిన్‌ని, ఇదిగో 9” అంటాడు. డబ్లిన్‌కు “నేనే ఆమ్‌స్టర్‌డామ్‌ని, ఇదిగో 9” అంటాడు. లెక్క కట్టి చూడండి: ఆమ్‌స్టర్‌డామ్‌తో అతడికి 16 అనే తాళంచెవి కుదురుతుంది, డబ్లిన్‌తో 4 కుదురుతుంది. ఒక వైపు నుంచి వచ్చినది విప్పి, చదివి, కావాలంటే మార్చి, రెండో తాళం వేసి అటు పంపుతాడు. ఇద్దరికీ అనుమానం రాదు. తాళం గట్టిదే. కాని తాళంచెవి దొంగకే ఇచ్చాము.

దీనికి విరుగుడు సాక్షి సంతకం. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు మీద సాక్షులు సంతకం పెట్టినట్టే, “ఈ సర్వర్ ఫలానాదే” అని ఒక నమ్మకస్తుడు డిజిటల్ సంతకం చేసి ధ్రువపత్రం ఇస్తాడు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మాన్ కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతితో ఇలాంటి సంతకాలు సాధ్యమయ్యాయి. ఆ సంతకాన్ని ఎవరైనా సరిచూడగలరు. రహస్య సంఖ్య ఉన్నవాడు తప్ప మరెవరూ పెట్టలేరు. ప్రతి సర్వర్ తాను పంపే 13నో, 14నో ఇలా సంతకంతో పంపితే మధ్యవాడి 9 పట్టుబడిపోతుంది.

మరి సాక్షే మోసపోతే? నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థ ఇలాంటి ధ్రువపత్రాలిచ్చేది. 2011లో ఎవరో దాని కంప్యూటర్లలో చొరబడి, గూగుల్ పేర దొంగ ధ్రువపత్రం పుట్టించారు. దాని సాయంతో ఇరాన్‌లో ఎందరో ఈమెయిళ్ళు వాడేవారి మీద నిఘా పెట్టారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసింది. అందుచేత రెండు సర్వర్లూ మనవే అయినపుడు లోకంలోని సాక్షులందరినీ నమ్మనక్కరలేదు. మనమే ఒక సాక్షిని నియమించుకుని, అతడి సంతకం ఉంటేనే తలుపు తీయమని రెంటికీ చెప్పడం మేలు. సంతకం సరిచూడడమే కాక, ధ్రువపత్రంలోని పేరు మనం పిలిచిన సర్వర్ పేరేనా అని కూడా చూడాలి. తాళం వేశాం కదా అని చాలామంది ఈ రెండు పనులూ వదిలేస్తారు.

సమాచారం దారిలో మారలేదని తెలుసుకోవడమెలా? అంకెలన్నీ కూడి ఆ మొత్తాన్ని చివర రాయవచ్చు. 17,36,16,000లోని అంకెల మొత్తం 24. కాని 71,36,16,000 మొత్తమూ 24 కదా! అంతకన్నా మెరుగైన లెక్క చేసినా, దొంగ పద్దుతోపాటు మొత్తాన్నీ దిద్దేస్తాడు. అందుకని పద్దునూ, వరుస సంఖ్యనూ, రహస్యమైన తాళంచెవినీ కలిపి లెక్క కట్టి ఒక ముద్ర తయారు చేస్తారు. తాళంచెవి లేనివాడు ఆ ముద్ర వేయలేడు. వరుస సంఖ్య ఎందుకంటే, నిన్నటి నిజమైన పద్దును పట్టుకుని ఇవాళ మళ్ళీ పంపే దొంగలూ ఉంటారు. ఇలాంటి ముద్రలకు ఎక్కువగా వాడే షా-256 అనే లెక్కను తయారు చేసింది ఎవరనుకున్నారు? పైన చెప్పిన ఆ ఎన్‌ఎస్‌ఏయే!

ప్రతి ఉన్నా చాలదు

తాళాలూ, సాక్షులూ, ముద్రలూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒకరోజు ఉద్యోగి అలసిపోయి, “చెరువులన్నీ తీసివేయి” అని పొరపాటున రాశాడనుకోండి. మన ప్రతిలేఖనం ఆ పద్దును భద్రంగా, రహస్యంగా, ఒక్క అక్షరం పోకుండా రెండో ఊరికి చేరవేస్తుంది. అక్కడా చెరువులు పోతాయి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో రెండో సర్వర్ మొదటి దానికన్నా వెనకబడిపోయింది. దాన్ని సరిచేయబోయిన ఉద్యోగి, రెండోదానిలో తుడిచివేయవలసినది పొరపాటున మొదటిదానిలో తుడిచివేశాడు. కొద్ది క్షణాల్లో గుర్తించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నరే మిగిలాయి. రోజూ తీస్తున్నామనుకున్న నిలవ ప్రతులు నిజానికి తయారు కావడం లేదని అప్పుడే తెలిసింది. అదృష్టవశాత్తు ఆరు గంటల కిందట తీసిన ఒక ప్రతి దొరికింది. ఆ ఆరు గంటల పని మాత్రం పోయింది. ఆ సంస్థ దీన్నంతా దాచకుండా లోకానికి చెప్పింది. అందుకే మనం నేర్చుకోగలుగుతున్నాం.

కొందరు మూడో ప్రతిని కావాలనే కొన్ని గంటలు వెనక నడిపిస్తారు. పోస్ట్‌గ్రెస్‌లో దానికి ఏర్పాటు ఉంది. పొద్దున చెరువులు పోయాయని మధ్యాహ్నం తెలిసినా, ఆ ప్రతిలో ఇంకా నీళ్ళుంటాయి. నిలవ ప్రతిని అప్పుడప్పుడు తిరిగి ఎక్కించి చూసుకోవడం మరీ అవసరం.

ఇక చివరి చిక్కు. తీగ తెగినపుడు రెండో సర్వర్‌కు ఏమి అర్థం కావాలి? మొదటిది చచ్చిపోయిందనా, దారి తెగిందనా? దాని వైపు నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది పోయిందనుకుని తానే యజమాని అయితే, అటు మొదటిది కూడా బ్రతికే ఉండి కొత్త పద్దులు రాసుకుంటూ ఉండవచ్చు. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ సంస్థకు సరిగ్గా ఇదే జరిగింది. అమెరికా తూర్పు తీరంలో ఒక పరికరం మార్చేటపుడు దారి తెగింది. ఎంతసేపు? 43 సెకన్లు. ఆ వ్యవధిలో పడమటి తీరంలోని సర్వర్లు యజమానులైపోయాయి. అప్పటికే తూర్పున రాసిన కొన్ని పద్దులు పడమటికి చేరలేదు, ఆ తరువాత పడమట రాసినవి తూర్పున లేవు. రెండు చిట్టాలను సరిపుచ్చి, అంతా మామూలు కావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

యజమానిని నిర్ణయించడానికి మూడో ఊళ్ళో మరొక చిన్న సర్వర్‌ను ఉంచడం ఇందుకే. దానిలో పటం ఉండనక్కరలేదు. ఓటు ఉంటే చాలు. ముగ్గురిలో ఇద్దరు ఒకరినొకరు చూడగలిగితే ఆ ఇద్దరి వైపే యజమాని ఉంటాడు. ఒంటరిగా మిగిలినవాడు తన పటాన్ని చూపవచ్చు గాని, దానిలో కొత్తగా ఏమీ రాయకూడదు. అయితే పడమటి తీరం లాంటి అంత దూరానికి యజమానిని మార్చడం మంచిదా కాదా అన్నది ఓటు చెప్పలేదు. గిట్‌హబ్‌లోనూ ఓట్ల పద్ధతి ఉంది. దాని ప్రకారమే యజమాని మారాడు. ఆ సంఘటన తరువాత వారు, ఒక తీరం నుంచి మరో తీరానికి యజమాని తనంతట తాను మారకుండా అమరిక మార్చుకున్నారు.